కప్పకు ఎండ

పన్నెండు టాబ్లెట్లు పాత తువ్వాలల చుట్టి
స్కూటీ డిక్కీల పెట్టుకొని
పరకాల దాటి నడికూడ బడికి పోయిన.
"టాబ్లెట్లా? నులిపురుగులయా మేడం?"
అన్నం వార్చుకుంటనే అడిగింది కొమురక్క.
కాదు, తెలివిని కొలిచేటియి అన్న.
"అగో, దానికి సుత గోలీలున్నయా?"

ఒంటిపూట బడి. పదిన్నరకే
రేకులు చిటపటమంటున్నయి.

ఆట చిన్నదే.
ఏరుల రాళ్లు, రాళ్ల మీద కప్ప.
పచ్చ రాయి వస్తే నొక్కాలె.
ఎర్ర రాయి వస్తే వేలు ఆపుకోవాలె.
ఆపుకున్న వేలును కూడ కొలుస్తరు,
సెకండును వెయ్యి ముక్కలు చేసి.
హన్మకొండల మూడు రోజులు నేర్పిన్రు నాకు:
సాయం చెయ్యొద్దు, శభాష్ అనొద్దు,
మొకంల కూడ ఏం కనవడనియ్యొద్దు.

ఉడుత మణిదీప్, రెండో తరగతి.
మూడు రాళ్లు తప్పులేకుంట దాటిండు.
నాలుగోది ఎర్ర రాయి.
కండ్లార చూసిండు. చూసి, నొక్కిండు.
కప్ప బుడుంగున నీళ్లల్ల పడ్డది.
మల్ల మొదలు.
మల్ల ఎర్ర రాయి కోసం ఓపికగ ఎదురుచూసి
మల్ల బుడుంగు.
పదకొండు సార్లు.
పక్కన సహస్ర ఎప్పుడో ఒడ్డుకు చేరి
నక్షత్రాలు లెక్కవెట్టుకుంటున్నది.
"వాడంతే, చెప్పింది వినడు" అన్నది పంతులమ్మ
హాజరు పట్టీల నుంచి తల ఎత్తకుంట.

ఆట అయినంక అడిగిన.
అడగొద్దు. అయినా అడిగిన.
తెరను అంగీతోటి తుడిచి ఇచ్చుకుంట అన్నడు:
"రాళ్లు కాలుతయి గద మేడం.
దానికి చెప్పుల్లేవు."

వాని కాళ్ల దిక్కు చూడొద్దనుకున్న.
చూసిన.
ఉన్నయి చెప్పులు, నీలంవి,
రెండు సైజులు పెద్దవి.

అప్పటికే తెర మీదికి తీర్పు వచ్చింది:
తనను తాను ఆపుకునే శక్తి, తక్కువ.
కింద ఒక గడి. ఇతర విషయాలు.
నలభై అక్షరాలు, అదీ ఇంగ్లిష్‌ల.
నాకొచ్చిన ఇంగ్లిష్‌ల ఎట్ల కూర్చినా
కప్ప పట్టింది, ఏరు పట్టింది,
ఎండ పడ్తలేదు.
ఖాళీగనే పంపిన.

రాత్రి నయీంనగర్ రూముల
పన్నెండింటికి చార్జింగ్ పెట్టుకుంట
ఒకటి తెరిచి నేనే ఆడిన.
ఒక్క తప్పు లేదు. ఒడ్డుకు చేర్చిన.
నక్షత్రాలు జలజల రాలినయి.
నోరు తెరుచుకొని కూసున్నది కప్ప,
దవడ కింద తోలు ఎగిరెగిరి పడుతున్నది.

ఇన్నొద్దులు
నవ్వుతున్నదనుకున్న.