పసుపు చీటీ

చివరి రైలు వెళ్ళిపోయాక
నగోయా భూగర్భ స్టేషన్‌లో
మమ్మల్ని బాధితులుగా పడుకోబెట్టారు.
టోఫు కొట్టు కట్టేసి వచ్చాను నేను,
చేతులకింకా సోయా వాసన.
మెడలో పసుపు చీటీ:
వయసు డెబ్భై ఒకటి. దగ్గు. కంటిపాప చిన్నదైంది.

కంటిపాప.
చీకట్లో పెద్దదవాల్సిన పాప
ముడుచుకునే ఉండిపోతే
లోకానికి పట్టపగలే మునిమాపు.

నాకు తెలుసు.
ఎన్నో ఏళ్ళ కిందట, వేరే ఊళ్ళో,
మా ఆయన ప్లాట్‌ఫారాలు శుభ్రం చేసేవాడు.
నేల మీద తడి కనిపిస్తే
ఎక్కడిదని అడగకుండా తుడిచేవాడు.
అదే ఆయన ఉద్యోగం. అదే ఆయన మంచితనం.
ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి
"దీపం ఎందుకు తగ్గించావు షిగెనో?" అన్నాడు.
కిటికీ నిండా ఎండ.

ఈ రాత్రి మాకు నొక్కి చెప్పారు:
ముట్టుకోవద్దు.
వాసన చూడొద్దు.
దూరం జరిగి, అప్పుడు చెప్పండి.
మూడంటే మూడు ముక్కలు.
ఆనాడు ఆయనకి ఎవరూ చెప్పనివి.

ఆకుపచ్చ రబ్బరు దుస్తుల్లో ఒక కుర్రాడు
బాతులా నడుస్తూ వచ్చాడు.
ముసుగులోంచి ఏదో అన్నాడు.
నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది,
కుడి చెవి నిండా ఫ్యాన్ల హోరు.
"ఏమిటీ?" అన్నాను.
మళ్ళీ అన్నాడు.
"ఏమిటీ?"
నా పక్కన నల్లచీటీతో చచ్చిపడున్న బ్యాంకు గుమాస్తా
నవ్వాపుకోలేక కదిలాడు.
చచ్చినవాళ్ళు కదలకూడదని కసిరారు.

కుర్రాడు గాలిలో కత్తెర ఆడించాడు.
బట్టలు కత్తిరించాలన్నమాట.
నిజంగానే జరిగుంటే,
మొహంలేని మనిషి
మాట వినపడకుండా కత్తెరెత్తితే,
లేచి పారిపోయేదాన్ని నేను,
ఒంటిమీది విషాన్ని
మెట్లమీదా, వీధిలోనూ, మనవరాలి బుగ్గమీదా పంచుకుంటూ.

ఆ మాటే చెప్పాను చివర్లో,
అందరం దుప్పట్లు కప్పుకుని టీ తాగుతుంటే.
అగ్నిమాపక అధికారి హోన్‌జో
తలెత్తకుండా రాసుకున్నాడు:
బొమ్మల పలక కావాలి. పెద్ద బొమ్మలు.
అతని జుట్టులోంచి చెమట కాగితం మీద పడింది.

ఇన్ని గొట్టాలు, ఇన్ని గుడారాలు, ఇంత నీళ్ళు,
తీరా తేలింది ఒక అట్టముక్కా అనుకున్నాను.
తర్వాత టీ చల్లారిపోయింది.
మా ఆయనకి కావాల్సిందీ అంతే,
ఆ తడి పక్కన
ఒక అట్టముక్క.

నాలుగింటికి కొట్టు తెరిచాను.
గింజలు నానిన నీళ్ళు గచ్చు మీద ఒలికాయి.
గుడ్డ తీసి వంగాను.
ఎక్కడి తడో నాకు తెలుసు.
అయినా ఒక్క క్షణం ఆగి,
తుడిచాను.