మూడు జానల మూడు వేళ్ళు

పట్టాకీ పట్టాకీ మధ్య ఎడం
మూడు జానల మూడు వేళ్ళు.
రొట్టె తునకలు పక్కకి నెట్టి
వంటింటి బల్ల మీద చేత్తో కొలిచి చూపించేవాడు నాన్న.

హల్లిక్సూ నుంచి రావాపెరె దాకా
నలభై ఏడు కిలోమీటర్లు,
మూడు గంటల పది నిమిషాలు.
అది కాగితం మీద.
మంచు పడిందంటే పారలే టైంటేబులు.

వేయించింది ఎవరో బ్యారన్ అట,
తన అవిసెనార ఓడరేవు చేరాలని.
అవిసె పోయింది, బ్యారన్ పోయాడు,
ఆయన మేడలో మేం ఎక్కాలు నేర్చుకున్నాం.
జెండా మారినప్పుడల్లా ఇంజను పేరు మార్చారు.
మూడో పేరు కింద రెండోది, రెండో దాని కింద మొదటిది
ఎండ ఏటవాలుగా పడితే కనిపించేవి.
కారే బాయిలరు మాత్రం కారుతూనే ఉంది.

ఏం మోసేది కాదని!
పాల క్యాన్లు, పీటు ఇటుకలు,
ఈస్టు పొట్లం, బాగుచేయించిన గోడగడియారం,
ఒళ్ళో సంచితో మంత్రసాని ఆల్విన.
ఆమె ఎక్కితే నాన్న బొగ్గు లెక్క చూసుకునేవాడు కాదు.

రావాపెరెలో మా పట్టాలు ఆగిపోతాయి.
ప్లాట్‌ఫారానికి అటుపక్క పెద్ద పట్టాలు,
పెద్ద బళ్ళు, ఎక్కడికో పోయేవి.
ఇటు సరుకు అటు చేతులతోనే మార్చాలి.
మోపులు మాట వినేవి, క్యాన్లు వినేవి.
పందులే మొండికేసేవి.

నలభై తొమ్మిది మార్చి సంగతి
నాన్న నాకు చెప్పలేదు.
ఆయన పోయిన తొమ్మిదేళ్ళకి ఆల్విన చెప్పింది,
బంగాళాదుంపలు ఒలుస్తూ, తలెత్తకుండా.

తెల్లారకముందే పద్నాలుగు ఇళ్ళ వాళ్ళని ఎక్కించారట.
ఒకావిడ కుట్టుమిషను వదల్లేదట,
ఒక ముసలాయన కోటు తిరగేసి తొడుక్కున్నాడట,
బొత్తాలు లోపలికి.
పెట్టెకొక సిపాయి. ఇంజనులో నాన్న పక్కన మరొకడు.

ఆ పూట బండి ఈల వేసింది.
గేటు లేని చోట, మలుపు లేని చోట,
ఎవరూ పట్టాలు దాటని చోట.
"ఆవులున్నాయని," అంది ఆల్విన.
ఖాళీ చేసిన ప్రతి ఇంటి వెనకా
పాలు పిండని ఆవు అరుస్తోందట.
దాని అరుపు ఒక్క పొలం దాటి పోదు,
బండి ఈల అయితే ఊరు దాటుతుంది.
ఇరుగుపొరుగు బకెట్లు పట్టుకుని చీకట్లో నడిచారు.
ఎవరి ఆవుని ఎవరు పిండారో
ఎవరూ ఎవరినీ అడగలేదు.

రావాపెరెలో మనుషుల్నీ
ఇటునుంచి అటు చేతులతోనే మార్చారు.

అలా అని నాన్న బండి తోలడం మానలేదు.
ఆ సాయంత్రం ఖాళీ పెట్టెలతో తిరిగొచ్చి
వేడి నీళ్ళతో చాలాసేపు చేతులు కడుక్కున్నాడట.
ఇది ఆల్విన చెప్పలేదు, అమ్మ అంది,
వేరే ఏదో మాట్లాడుతూ.

పాత రేకు డబ్బాలో ఒక చీటీ దొరికింది.
"అనవసరపు ఈలలు, తొమ్మిది.
ఆవిరి వృథా. జరిమానా పద్దెనిమిది రూబుళ్ళు."
సంతకం, ముద్ర.
పద్నాలుగు ఇళ్ళకి తొమ్మిది.
మిగతా అయిదింటికీ ఆవులు లేవా,
సిపాయి చెయ్యి పట్టుకున్నాడా,
నాన్నకే ధైర్యం చాలలేదా?
వేళ్ళ మీద లెక్కపెడతాను, అక్కడే ఆగిపోతాను.

డెబ్భై రెండులో బస్సు వచ్చింది, రైలు పోయింది.
పట్టాలు ఊడబీకి తుక్కు కింద తూకం వేశారు.
ఊరు ఊరంతా తలా ఒక ముక్క దాచుకుంది,
గొడ్ల చావిడికి దూలంగా, గేటుకి గుంజగా.
కంకర మీద ఇప్పుడు బిర్చి చెట్లు,
వాటి మధ్య సైకిలు దారి.
వేసవిలో అటుగా వచ్చేవాళ్ళు
ఇంత తిన్నగా ఎలా వేశారని అడుగుతారు.

మా వాటా ముక్క నేలమాళిగ కప్పు మోస్తోంది.
మార్చి వస్తే దానికి చెమట పడుతుంది.
దుంపలు తడుస్తాయని కింద గోనె పరుస్తాను.

నిన్న ఆ దారి మీద వంగి కొలిచాను.
నా చెయ్యి చిన్నది. నాలుగు జానలు పట్టింది.
నాన్న మూడు వేళ్ళు మిగల్లేదు.