సగం సంచి

సుకురూ, ముందు సంచి తిరగేసి దులుపు.
పోయినేటి చైత్రం ఇంకా అడుగునే ఉంటుంది:
చీమలు తిన్న బెల్లం ముక్క, రెండు మిడత రెక్కలు.
నా బీడీ కట్టొకటి ఉండాలి,
దొరికితే ఇటు పడేయ్.

ఇది మీ తాత నారతో అల్లిన చిక్కం కాదు.
సాలూరు సంతలో నూట ఎనభైకి బేరమాడిన
బడిపిల్లల సంచి.
దానిమీద ఆ ఎర్ర బొమ్మకి మసి పూయి.
ఎరుపు జంతువుకి ఆనదంటారు మీ పొట్టంగి మాస్టారు.
మనిషికి ఆనుతుంది కదా.
అడవిలో ఇప్పుడు మనుషులే ఎక్కువ.

అంబలి సొరబుర్రలోనే పొయ్యి.
కూల్‌డ్రింకు సీసా వద్దు,
చెయ్యి తగిలితే కటుక్కుమంటుంది.
ఆ ఒక్క చప్పుడుకి కొండగొర్రె
సుంకి దాటి ఆంధ్రాలో తేలుతుంది.
దానికేం, కార్డడిగేవాడు లేడు.

నీకు కార్డు కావాలి.
ఆధార్ జిరాక్సులు రెండు, పాలకవర్లో మడిచి పై అరలో.
విల్లు కనిపిస్తే టోపీలవాళ్ళు ఆపుతారు.
ఒడియాలో అడిగితే ఒడియాలో చెప్పు.
హిందీలో అడిగితే నవ్వు.
తెలుగులో అడిగితే మాత్రం జాగ్రత్త,
వాడికి నీ మేనమామ పేరు కూడా తెలిసుంటుంది.

ఉప్పు పొట్లం. దంచిన పసుపు.
పాత లుంగీ చింపి రెండు మూరల గుడ్డ.
గుడ్డ మర్చిపోకు.
ఎలుగు నా భుజాన నాలుగు గీతలు గీసిన రోజు
ఎవడి దగ్గరా పేలిక లేదు.
దొంబురు మామ తన గోచీ విప్పి నాకు కట్టాడు,
ఊరిదాకా ఆకులు చుట్టుకుని నడిచాడు.
ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆ ఆకుల సంగతే చెప్పుకుంటారు.
నా భుజం సంగతి ఎవడూ ఎత్తడు.

టార్చిలో ఒక సెల్లు తిప్పి పెట్టు,
సంచిలో దానంతటది వెలిగి చావకుండా.
అగ్గిపెట్టె మైనం కాగితంలో.
ఫోను నీ ఇష్టం.
గుట్ట కొసన ఒక్కచోటే సిగ్నలు,
అక్కడికి చేరగానే వారం మెసేజీలన్నీ ఒక్కపెట్టున కూస్తాయి.
ఏ అడవికోడీ అంత తెలివితక్కువగా కూయదు.

అడ్డాకులు పదిహేను, తడిపి, చుట్టి.

ఇంక ఆపు.
సగానికొచ్చింది చూడు, చాలు.
మిగతా సగం కొండ చూసుకుంటుంది,
చూసుకోకపోనూవచ్చు.

సాయంత్రం ఊరి మొగలో ఆడవాళ్ళుంటారు,
పేడనీళ్ళ కుండలతో.
వాళ్ళ కళ్ళు నీ మొహం మీద ఉండవు,
వీపు మీద ఉంటాయి.

కొండ మీద చెట్లు కొట్టి జీడితోట వేసిన ఏడు
మీ తాత పొద్దస్తమానం తిరిగినా
ఉడత తోక కనిపించలేదు.
వాగులో దిగాడు.
కుందేలంత రాయి ఏరి, అడ్డాకుల్లో చుట్టి,
చిక్కంలో వేసుకుని
వంగి వంగి నడుచుకుంటూ వచ్చాడు,
బరువు మోసేవాడిలా.
బరువే మరి.

మా అమ్మ ఎదురొచ్చింది.
చిక్కంలో చెయ్యి పెట్టింది. తడిమింది.
ఊరంతా చూస్తోంది.
ఒక్క మాట అనలేదు.
కుండెడు పేడనీళ్ళూ ఆయన నెత్తిన కుమ్మరించి,
ఆ రాయిని మాత్రం కడిగి,
చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు లోపలికి తీసుకుపోయింది.

మన పొయ్యిలో ఎడమ రాయి
మిగతా రెండింటికంటే నున్నగా ఉంటుంది,
ఎప్పుడైనా చూశావా?

సరే, కోడి కూసింది.
సోమ్రాగాడు అప్పుడే వీధిలో దగ్గుతున్నాడు.
పొద్దు వాలేలోగా వచ్చేయ్.

సొరబుర్ర మూత బిగించావా?
ఏదీ,
తలకిందులు చేసి చూపించు.