జరిపిన ఇల్లు

మా నాన్న ఇళ్ళు జరిపేవాడు.
చిలోయే దీవిలో అదేమంత వింత కాదు.
పొరుగుతో పడకపోయినా, కింద నేల జారుతున్నా
ఇంటిని ఇల్లుగానే పెకలించి
దుంగల మీదికెత్తి, ఆరు జతల ఎడ్లు కట్టి
కిటికీ అద్దాలైనా తియ్యకుండా
గుట్ట దాటించేసేవాళ్ళు.
ఊరు ఊరంతా తాళ్ళు పట్టేది.
పొద్దుగూకాక ఇంటావిడ
అందరికీ నత్తగుల్లలూ బంగాళాదుంపలూ ఉడికించి పెట్టేది.

తిని, చేతులు కడుక్కుని అందరూ వెళ్ళిపోయేవారు.
నాన్న ఒక్కడూ మిగిలేవాడు
లాంతరు పట్టుకుని, నాలుగు మూలలా
చెక్క చీలికలు దిగ్గొడుతూ.
"తేవడం ఒక్క పూట పని, నెలిదా.
ఇది ఇక్కడే ఉండాలని దానికి తెలియడానికి
ఏడాది పడుతుంది."

నా ముప్ఫై ఎనిమిదో ఏట
నా పళ్ళు జరిపించుకున్నాను.
సాల్మన్ ఫ్యాక్టరీలో, ముళ్ళు పీకే బల్ల దగ్గర
పదకొండేళ్ళు మాస్కు చాటున నవ్విన నోరిది.
మొక్కై వంగనిది మానై వంగునా అని
పక్క బల్ల ఒర్తెన్సియా నవ్వింది.
వంగింది.
రెండేళ్ళు, ఇరవై నాలుగు వాయిదాలు,
పంటి బిగువున, అచ్చంగా పంటి బిగువునే.

క్లిప్పులు ఊడదీసిన రోజు
నాలుక సొంతింట్లో చుట్టంలా
గోడలన్నీ తడిమి చూసుకుంది.
డాక్టర్ ఇసోల్దా ఓ నీలం డబ్బా చేతిలో పెట్టి
"రాత్రిళ్ళు పెట్టుకో. చన్నీళ్ళతో కడుగు.
మెత్తని బ్రష్షు. తినేటప్పుడు తీస్తే డబ్బాలోనే పెట్టు,
కాగితంలో చుట్టావో, చెత్తబుట్ట పాలే" అంది.
నా రాత్రి ఉదయం ఏడింటికి మొదలవుతుందని
ఆవిడకి చెప్పలేదు.

జులై. వాన తెరిపివ్వని చలికాలం.
కట్టెల పొయ్యి మీద కెటిల్ ఎప్పుడూ కాగుతూనే ఉంటుంది.
నైట్ డ్యూటీ దిగి, కళ్ళు మూతలు పడుతుంటే
పాలసీసాలు కడిగిన అలవాటుకొద్దీ
మరిగే నీళ్ళు పోసేశాను.
గాజులా ఉన్నది కాస్తా
నారింజ తొక్కలా ముడుచుకుపోయింది.

ఎవరికీ చెప్పలేదు.
పదిహేడు నిద్రలు
ఏమీ పెట్టుకోకుండానే పడుకున్నాను.
ఓ పొద్దున రొట్టె కొరుకుతుంటే
నాలుక చివరికి ఒక అంచు తగిలింది.
కొత్తది కాదు. బాగా ఎరిగున్న మూల.
పై వరసలో ఎడమ పన్ను
పాతికేళ్ళు ఆనుకుని నిలబడ్డ పక్కదాని భుజం కోసం
వెనక్కి, మెల్లగా, ఎవరూ చూడకుండా...
కోపం రావాల్సింది. రాలేదు.
అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను
దాన్నీ, దాని వెనకున్న ముఖాన్నీ చూస్తూ.

కొత్తది చేయించాను. మరో నాలుగు వాయిదాలు.
మొదటి వారం అది పట్టదు,
నొక్కితే గానీ దిగదు, దిగితే నొప్పి.
ఆదివారం నాన్న అడిగాడు, చూపించమని.
తువ్వాలుతో తుడిచి ఇచ్చాను.
దీపానికెదురుగా పట్టుకుని, గోటితో మీటి,
అంచులు వేలితో రాసి చూసి
"చీలిక" అన్నాడు. మంచి పనితనం అన్నట్టు తలూపాడు.

"ఎన్నాళ్ళు?"
"డాక్టర్ బతికున్నన్నాళ్ళూ అంది."
"ఆవిడా? నువ్వా?"
ఇద్దరం నవ్వాం.
ఆయన నవ్వులో ఎడమ పన్ను
పక్కదాని మీదికి వాలి కనిపించింది,
నాది ఎక్కణ్ణించి బయల్దేరిందో
అక్కడ, హాయిగా.
"అయితే ఆ ఇంటికి ఎడ్లు ఇప్పనట్టే" అన్నాడు
నా చేతికి తిరిగి ఇచ్చేస్తూ.

ఇప్పుడు ఏడు అయిదు.
తెరల అవతల తెల్లారుతోంది, వాన పడుతూనే ఉంది.
చన్నీళ్ళ కింద తిప్పి తిప్పి కడిగి
బొటనవేళ్ళతో పైకి నొక్కుతాను.
టక్కుమంటుంది.
నీలం డబ్బా మూత తీసే ఉంటుంది, కిటికీలో.