ముందు కాళ్ళు

మొదట సుద్దగీత.
గ్రైండరు కాదు, జాకీ కాదు, సుద్దగీత, అంటాడు ఒనేసిమో.
చక్రం నడిబొడ్డు నుంచి దారం వేలాడదీసి
కొసన బరువుకి ఓ పాత నట్టు కట్టి
అది ఊగి ఊగి ఆగేదాకా
ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.
ఆగిన చోట సిమెంటు నేల మీద చుక్క.
"ఈ చుక్క పోతే బండి పోయినట్టే, డెల్ఫీనా.
చెప్పుకాలితో తుడిచావో, చూసుకో!"

అరవై రెండు నాటి ఫోర్డ్ పికప్.
ఎస్పన్యోలా ఎండకి
ఆకుపచ్చ రంగు పొట్టు లేచి, పొట్టు కింద తుప్పు,
తుప్పు కింద ఇంకా మొండి ఇనుము.
ముందర దుంగలాంటి ఒకే ఒక యాక్సిల్.
ఎడమ చక్రం గోతిలో పడితే
కుడి చక్రానికీ నొప్పి.
కింగ్‌పిన్నులు అరిగిపోయి
స్టీరింగు జానెడు తిరిగితే గానీ
కింద చక్రానికి కబురందదు.

పక్కన ఇంకో బండి.
వేలంలో కొన్న పోలీసు కారు, క్రౌన్ విక్టోరియా.
ఇంజను ఎవరో పట్టుకుపోయారు, సీట్లు ఎలకలు పట్టుకుపోయాయి.
తలుపు మీద చెరిపేసిన పద్నాలుగు అంకె
పొద్దు వాలితే మళ్ళీ తేలుతుంది.
"ఇదే," అన్నాడు.
ఎలా చెప్పగలవని నేనడగలేదు.

పదిహేనేళ్ళ కిందట,
చిమాయో నుంచి మిరపకాయల బస్తాలతో వస్తుంటే
వెనక ఎర్రదీపం, నీలిదీపం.
గీత దాటి తూలుతున్నావు, తాగావా అన్నారట.
రోడ్డంచు తెల్లగీత మీద
మడమకి బొటనవేలు ఆనించి తొమ్మిదడుగులు,
మళ్ళీ వెనక్కి తొమ్మిది.
తీగ మీద నడిచినట్టు నడిచాడట.
"తూలేది నేను కాదయ్యా, అది" అని
బండి ముక్కు కేసి చూపించాడట.
అయినా చీటీ రాశారు.
అది ఇప్పటికీ డాష్‌బోర్డు అరలో ఉంది,
మడతల్లో చిరిగి, నాలుగు ముక్కలుగా.

బడిబస్సుల షెడ్డులో నాది వెల్డింగు పని.
ఇనుము కోయడం నాకు కూరగాయలు తరిగినంత.
కానీ ఆ రోజు ఫ్రేము మీద గ్రైండరు పెట్టి
తీసేశాను.
పదకొండుసార్లు కొలిచాడు ఆయన.
పన్నెండోసారి వంగుతుంటే టేపు లాక్కున్నాను.
అప్పుడు కోశాను.
నిప్పురవ్వలు, ఆయన మొహం అటు తిప్పుకోవడం,
పాత యాక్సిల్ దభీమని నేల మీద పడ్డ చప్పుడు.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
కాళ్ళు తీసేసిన గుర్రంలా
దిమ్మెల మీద పికప్.

కొత్తది అల్యూమినియం అడ్డదూలం.
తేలిక, ఇద్దరం ఎత్తేశాం.
పైన ఓ చెయ్యి, కింద ఓ చెయ్యి, నడుమ స్ప్రింగు,
ఎవరి గొయ్యి వాళ్ళదే, ఎవరి కుదుపు వాళ్ళదే.
ఇనుమూ అల్యూమినియమూ వెల్డింగుకి అతకవు.
ఫ్రేముకి ఉక్కు పలకలు అతికి, రంధ్రాలు తొలిచి బిగించాం.
అతకని చుట్టరికాలకి బోల్టులే దిక్కు.

దించితే, చక్రాలు మడ్‌గార్డులు దాటి బయటికి
కప్ప మోకాళ్ళలా.
ఒనేసిమో పళ్ళసెట్టు ఊడేలా నవ్వాడు.
ఆ కారువే లోతు చక్రాలు బిగిస్తే
బండి బుద్ధిగా ముడుచుకుంది.

ఆదివారం, చిమాయో రోడ్డు.
నేను పక్కసీట్లో.
బండి మళ్ళీ తూలింది.
ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి.
నా కడుపులో బోల్టులన్నీ ఒక్కసారి వదులయ్యాయి.
ఏ నట్టు మరిచాను? ఏ అతుకు పచ్చిగా ఉంది?
అప్పుడు చూశాను ఆయన చేతులు.

నలభై ఏళ్ళుగా
తప్పని బండిని నిమిషానికి ఇరవైసార్లు సర్దిన చేతులు
సర్దడానికేమీ లేకపోయినా
సర్దుతూనే ఉన్నాయి.

"వదిలెయ్," అన్నాను.
"ఏంటి?"
"స్టీరింగు. ఒక్క నిమిషం."
వదిలాడు. అరచేతులు గాలిలో,
వేడి గిన్నె దించినవాడిలా.
బండి తెల్లగీత పక్కనే
మడమకి బొటనవేలు ఆనించినట్టు నడిచింది.
ఆయన మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు రోడ్డుకేసి చూశాడు.

పాత యాక్సిల్ షెడ్డు వెనకే ఉంది.
కోళ్ళు ఎక్కి కూర్చుంటున్నాయి.
తుక్కువాడు రెండుసార్లు వచ్చి అడిగాడు.
ఇవ్వడట.
"ఈ చేతులు కుదురుకోకపోతేనో?" అంటాడు.