కారణం అనే గడి

విండ్‌హుక్ నుంచి ఆడిటర్ ఫోను:
ఎవరి చేతిలో ఏ తాళం ఉందో
శుక్రవారానికల్లా తేలాలి.
తాళాలంటే ఇనుపవి కావు.
మా చేపల కంపెనీ కాగితాలన్నీ
ఎక్కడిదో తెలియని క్లౌడ్‌లో ఉంటాయి.
వాల్విస్ బే కిటికీ బయట మాత్రం అసలు పొగమంచు,
ఉప్పుమడుల్లో ఫ్లెమింగోల్ని కాళ్లతో సహా మింగేసి.

నూట పన్నెండు పేర్లు.
మానేసినవాళ్లు పదిహేడుమంది ఇంకా లోపలే.
బియ్యంలో రాళ్లేరినట్టు
ఒక్కొక్కరినీ ఏరి పారేశాను.

అరవై నాలుగో పేరు తుహాఫెని,
రాత్రి కాపలా.
అతనికి అన్నీ తెరుచుకుంటాయి:
జీతాలు, ఒప్పందాలు, డైరెక్టర్ల ఉత్తరాలు.
నాలుగేళ్ల కిందట ఎవరో పొరపాటున పెట్టిన టిక్కు.
తేదీ చూస్తే, ఆ ఎవరో నేనే.

ఒళ్లు చల్లబడింది. చిట్టా తీశాను.
ఇన్నేళ్లలో అతను తెరిచింది ఒకే ఒక్క ఫైలు,
మూడో శీతల గదిది.
రోజూ తెల్లవారుజామున మూడింటికి
మైనస్ ఇరవై ఒకటి. మైనస్ ఇరవై.
ఒక రాత్రి మైనస్ పదకొండు, పక్కనే
"మోటారు ఆగింది. ఫెస్టస్‌ని లేపాను."

ఎవరూ చెప్పని పని.

రూలు రూలే. తీసేశాను.
మర్నాడు మూడింటి గడి ఖాళీ.
ఆ మర్నాడూ.
మూడో రోజు గేటు దగ్గర టోపీ తీసి అన్నాడు,
"హిలేని మేడమ్, నా పలక ఎవరో పట్టుకుపోయారు."

ఆ ఒక్క వరుసకే మళ్లీ అనుమతి రాశాను.
కారణం? అంది ఫారం.
"మెలకువగా ఉంటాడు" అని కొట్టాను.

ఆడిటర్ ఇంకా ఒప్పుకోలేదు.