నకలు

చీమకుర్తి. పలకలు కోసే మిల్లు పైన రేకుల గది.
కీబోర్డు సందుల్లో రాతిపొడి,
కింద రంపం నీళ్లు తాగుతూ ఏడుస్తోంది.
తెల్లారేసరికి పేర్లు చెక్కే మిషనుకి
నేను రాసిన స్ట్రింగ్ క్లాసు అప్పగించాలి.

పరీక్షకి ఓ పేరు కావాలి. నోటికొచ్చింది ఇచ్చాను:
మాలకొండయ్య.

పొడవెంత? అన్నాను. పది, అంది.
గుమ్మంలో టీ గ్లాసుతో మస్తాన్ సాయిబు
వేళ్లు మడిచి చూశాడు. మా, ల, కొం, డ, య్య.
"అయిదేగా మేడమ్. పదికి లెక్కేస్తే
ఎవుడిస్తాడు కూలి?"
చివరిదొక్కటి కొట్టేస్తే
మాలకొండయ్ అని మిగిలింది,
వీధి చివర ఎవరో కేకేసి
సగంలో బస్సెక్కేసినట్టు.

అది సర్దాను. ఇక నకలు.
మొదటిదాన్నుంచి రెండోది పుట్టించి
రెండోదాంట్లో మ తీసి ప పెట్టాను.
పాలకొండయ్య. బాగుంది.
మొదటిదాన్ని పిలిచాను.
అదీ పాలకొండయ్యే.

నేను ఎత్తిరాసింది అక్షరాల్ని కాదు, చిరునామాని.
ఒకే ఇంటి నెంబరు రెండు చీటీల మీద రాసుకుని
రెండిళ్లున్నాయనుకున్నాను.
పనయ్యాక ఎవరిల్లు వాళ్లు కూల్చుకోండంటే
ఒకడు కూల్చిన చోటికే
రెండోవాడూ గడ్డపార తెచ్చాడు.
ప్రోగ్రాం అక్కడే చచ్చింది.

మా అత్త గుర్తొచ్చింది.
మామ పేరు మావాడికి పెట్టిన రోజు నుంచీ
వాణ్ణి పేరెట్టి తిట్టే హక్కు నాకు లేదు.
"ఒరే మాలకొండా, పలకేదిరా?" అంటే చాలు
వసారాలోంచి ఆమె: "ఎవర్నే అంటున్నావు?"
పటంలో ఆయన కూడా తలెత్తినట్టుండేది.
బుడ్డోడా, బుడ్డోడా అని పిలిచీ పిలిచీ
ఇప్పుడు బళ్లో హాజరు వేస్తుంటే
వాడు పలకడం లేదంట.

మెమొరీని కొత్త చోటు అడిగాను.
అక్షరం వెనక అక్షరం, వత్తుతో సహా
మోసుకెళ్లి పెట్టాను,
చివర సున్నా మరవకుండా.
మ తీసి ప పెట్టాను.
మొదటిది కదల్లేదు.
ఖాళీ పేరుతో చూశాను. నిలబడింది.
నిన్ను నీకే నకలు తీసుకోమన్నాను.
తనని తాను చెరిపేసుకుని వెతుక్కుంది.
దానికో షరతు రాశాను.

రెండు గంటలప్పుడు ఫోను.
"అమ్మా, నిద్ర రావట్లేదు."
అత్త పక్కనే పడుకునుంటుంది. అయినా,
"కళ్లు మూసుకో మాలకొండయ్యా" అన్నాను.
అవతల కాసేపు చప్పుడు లేదు.
"నేనా?" అన్నాడు.